ఆసుపత్రికి చేరింది సరే, ఏ స్థితిలో చేరింది?

తెలుగు రాష్ట్రాల్లో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. గర్భిణిని ప్రమాదంలోకి నెట్టే కారణాలు మాత్రం చాలావరకు ఆసుపత్రి గడపకు ఇవతలే పుడుతున్నాయి. రక్తం, బీపీ, షుగర్, వయసు, ఇంటి పరిస్థితి, దూరం: ఒక్కోదాని వెనకున్న అంకె ఏం చెబుతోంది?

2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష మంది బిడ్డలు ప్రాణంతో పుడితే 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి ఆ సంఖ్య ఆంధ్రప్రదేశ్‌లో 45కి, తెలంగాణలో 43కి దిగింది. అప్పటి దేశ సగటు 97. 2030 నాటికి 70 లోపుకు తేవాలన్నది ఐక్యరాజ్యసమితి పెట్టిన లక్ష్యం కాబట్టి, రెండు రాష్ట్రాలూ దాన్ని ఎంతో ముందే దాటేశాయి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సులు, 2011 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు, మందులు, రక్తం, రవాణా అన్నీ ఉచితం చేసిన జననీ శిశు సురక్ష, ఊరూరా తిరిగే ఆశా కార్యకర్తల కష్టం ఈ మార్పు వెనక ఉన్నాయి.

అదే 2018-20లో కేరళ అంకె 19. ఆ స్థాయిని అందుకుని ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడేళ్లలో చనిపోయిన తల్లుల్లో సగానికి పైగా బతికేవారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆసుపత్రి కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం, తెలంగాణలో 97 శాతం. ఇక ఆసుపత్రికి తీసుకురావడంలో పెంచుకోగలిగింది కొంచెమే. మిగిలిన పని అంతకుముందున్న తొమ్మిది నెలల్లో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2023లో గర్భధారణ, కాన్పు కారణంగా సుమారు 2,60,000 మంది స్త్రీలు చనిపోయారు. రోజుకు 700 మందికి పైనే. ఆ సంస్థ 2025లో వెలువరించిన విశ్లేషణ చూస్తే తల్లుల మరణాల్లో 27 శాతానికి అధిక రక్తస్రావం, 16 శాతానికి బీపీ సంబంధిత సమస్యలు కారణం. మరో 23 శాతం మంది గుండె జబ్బు, రక్తహీనత, అంటువ్యాధుల వంటి పరోక్ష కారణాలతో పోతున్నారు. ఇందులో చాలావరకు కాన్పు గదిలో హఠాత్తుగా మొదలయ్యేవి కావు. రక్తస్రావం అక్కడే జరగొచ్చు, కానీ దాన్ని తట్టుకునే శక్తి ఆమెకు ఉందా లేదా అన్నది నెలల ముందే తేలిపోతుంది.

రక్తం: 11

గర్భిణికి హిమోగ్లోబిన్ కనీసం 11 గ్రాములు ఉండాలి. 10 నుంచి 10.9 వరకు స్వల్ప రక్తహీనత, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 లోపు తీవ్రం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సమయంలో గర్భంతో ఉన్నవారిలో 11 కంటే తక్కువ ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 53.7 శాతం, తెలంగాణలో 53.2 శాతం, దేశవ్యాప్తంగా 52.2 శాతం. అంటే ఆసుపత్రి వరండాలో వరుసలో కూర్చున్న ప్రతి ఇద్దరు గర్భిణుల్లో ఒకరికి రక్తం తక్కువే.

హిమోగ్లోబిన్ 6 ఉన్న స్త్రీ రక్తం, 12 ఉన్న స్త్రీ రక్తంతో పోలిస్తే సగం ప్రాణవాయువునే మోయగలదు. కాన్పులో అర లీటరు రక్తం పోతే రెండో ఆమె కోలుకుంటుంది, మొదటి ఆమె గుండె అలసిపోతుంది. 29 దేశాల్లో మూడు లక్షలకు పైగా గర్భిణుల వివరాలతో 2018లో వెలువడిన పరిశోధనలో, హిమోగ్లోబిన్ 7 లోపు ఉన్నవారికి మరణ ప్రమాదం రెట్టింపుకు పైగా ఉందని తేలింది.

గర్భం మొదలైనప్పటి నుంచి కాన్పు దాకా ఒంటికి అదనంగా కావాల్సిన ఇనుము సుమారు 1,000 మిల్లీగ్రాములు. రాగులు, మునగాకు, తోటకూర, బెల్లం మంచివే, కానీ ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. ఆ లోటును ఆహారం ఒక్కటే పూడ్చలేదు. అందుకే నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలని ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం చెబుతోంది. మాత్రలు ఉచితం. అదే సర్వేలో, దేశం మొత్తం మీద 180 రోజులు వేసుకున్నామని చెప్పిన తల్లులు మాత్రం 26 శాతమే.

మాత్ర ఇంటికి చేరాక ఏమవుతోంది? కడుపులో తిప్పుతోందని కొందరు మానేస్తారు, మలం నల్లగా వస్తోందని కొందరు భయపడతారు. నల్లగా రావడం మామూలే, దానివల్ల హాని లేదు. రాత్రి భోజనం చేశాక వేసుకుంటే వికారం తగ్గుతుంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసమో జామకాయో తోడైతే బాగా పడుతుంది. నాలుగో నెల తర్వాత ఒకసారి నులిపురుగుల మాత్ర వేస్తారు. మాత్రలతో పెరగకపోయినా, కాన్పు దగ్గరపడినా నరానికి ఎక్కించే ఐరన్ ఉంది. తొమ్మిదో నెలలో రక్తం ఎక్కించుకోవడానికి పరుగెత్తడం కంటే ఐదో నెలలో ఐరన్ ఎక్కించుకోవడం తేలిక.

బీపీ: 140/90

పల్లెల్లో గుర్రపువాతం అని పిలిచే జబ్బు గర్భిణి బీపీతో వచ్చే ఫిట్స్. ఐదు నెలలు నిండాక బీపీ 140/90 దాటితే జాగ్రత్తగా చూడాలి, 160/110 దాటితే అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి. మూత్రంలో ప్రోటీన్ పోతున్నా, కాలేయమో మూత్రపిండాలో దెబ్బతింటున్నా ముప్పు ఇంకా పెరుగుతుంది. ఈ జబ్బు చాలాసార్లు నొప్పి లేకుండానే ముదురుతుంది. అందుకే ప్రతి తనిఖీలోనూ బీపీ చూడటం, మూత్ర పరీక్ష చేయడం తప్పనిసరి.

పాదాల వాపు చాలామంది గర్భిణుల్లో ఉంటుంది. ముఖం, చేతులు ఉబ్బడం, తలనొప్పి మాత్రకు కూడా తగ్గకపోవడం, కళ్లు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి మామూలువి కావు. 'కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ ఉండేవే' అన్న పెద్దల ఊరడింపు ఇక్కడ ప్రమాదకరం.

దీనికి మంచి మందు ఉంది. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలతో జరిపిన మ్యాగ్‌పై పరిశోధన, మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఫిట్స్ ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని 2002లోనే రుజువు చేసింది. గత కాన్పులో ఈ జబ్బు వచ్చినవారికి, ముందునుంచీ బీపీ, షుగర్, మూత్రపిండాల సమస్య ఉన్నవారికి, కవలలు ఉన్నవారికి మూడు నెలలు నిండగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. ఆ అవకాశం దక్కాలంటే తొలి తనిఖీ మూడో నెల లోపే జరగాలి. కాన్పుతో ముప్పు తీరిపోదు కూడా. కాన్పయిన తర్వాతి రోజుల్లోనూ ఫిట్స్ రావచ్చు కాబట్టి బాలింతకూ బీపీ చూస్తూ ఉండాలి.

షుగర్: 140

75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత రక్తం తీస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువ వస్తే గర్భిణి మధుమేహం. ఈ పరీక్షకు పరగడుపున రావాల్సిన పని లేదు. బస్సు దిగి, టిఫిన్ తిని వచ్చినా చేయొచ్చు. దూరం ఊళ్ల నుంచి వచ్చేవారిని రేపు రమ్మంటే రారని గ్రహించి చేసిన ఏర్పాటు ఇది. మొదటిసారి చూపించుకున్నప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరోసారి పరీక్షించాలి.

షుగర్ అదుపులో లేకపోతే బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టమవుతుంది, పుట్టాక బిడ్డకు షుగర్ పడిపోతుంది. చాలామందికి ఆహారం, నడకలతోనే అదుపులోకి వస్తుంది. రెండు వారాలు చూసినా తిన్న రెండు గంటలకు 120 దాటుతుంటే మందులు లేదా ఇన్సులిన్ ఇస్తారు. ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం తప్పదన్న భయం అక్కర్లేదు, చాలామందికి కాన్పుతోనే ఆపేస్తారు. తప్పనిది ఒకటుంది: ఇలా షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాత శాశ్వత మధుమేహం వచ్చే ముప్పు మిగతావారి కంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ. కాన్పయిన ఆరు వారాలకు, ఆ తర్వాత ఏటేటా ఆమె పరీక్ష చేయించుకోవాలి. బిడ్డ టీకాలకు తేదీ చూసి మరీ వెళ్లే ఇల్లు తల్లి పరీక్షను మరిచిపోకూడదు.

థైరాయిడ్, మూర్ఛ, ఆస్తమా, గుండె జబ్బులకు మందులు వాడేవారు గర్భం వచ్చిందని సొంతంగా మానేయకూడదు. మార్చాల్సినవి డాక్టరు మారుస్తారు.

వయసు: 18

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, దేశంలో 23.3 శాతం. 15-19 ఏళ్ల వయసులోనే తల్లులైనవారు లేదా గర్భంతో ఉన్నవారు తెలంగాణలో 5.8 శాతం, దేశంలో 6.8 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. తల్లుల మరణాలను తగ్గించడంలో దేశ సగటు కంటే ఎంతో ముందున్న రాష్ట్రం బాల్య మాతృత్వంలో సగటు కంటే ఇంత వెనకబడటం బాధ కలిగిస్తుంది.

ఆ వయసులో ఒళ్లు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. అమ్మాయికి కావాల్సిన ఇనుము, కాల్షియంలో బిడ్డకూ వాటా పంచాలి. కటి ఎముకలు పూర్తిగా ఎదగకపోవచ్చు. బీపీతో ఫిట్స్, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ, అన్నీ ఈ వయసులో ఎక్కువ. పెళ్లయిన మూడో నెల నుంచే 'ఏమైనా విశేషమా?' అని అడిగే చుట్టాలకు ఎదురుచెప్పే ధైర్యం పదిహేడేళ్ల కోడలికి ఉండదు.

చట్టం భయం కూడా తనిఖీలకు అడ్డొస్తోంది. 18 నిండని అమ్మాయి గర్భంతో వస్తే పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) కింద పోలీసులకు చెప్పాలి. అందుకని కొన్ని కుటుంబాలు వయసు ఎక్కువ చెబుతాయి, కొన్ని అసలు చూపించవు. గర్భస్రావం కోరే మైనర్ పేరు, వివరాలు డాక్టర్లు పోలీసులకు బయటపెట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఆ సంగతి గ్రామాల దాకా చేరాలి. బాల్యవివాహాన్ని ఆపడం ఎంత ముఖ్యమో, జరిగిపోయిన చోట అమ్మాయి వైద్యానికి దూరం కాకుండా చూడటం అంతే ముఖ్యం.

ఇల్లు: 36.9

అదే సర్వేలో, భర్త చేతిలో హింసకు గురైన స్త్రీలు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశంలో 3.1 శాతం మంది గర్భంతో ఉన్నప్పుడు కూడా దెబ్బలు తిన్నామని చెప్పారు. దెబ్బ తగిలిన గర్భిణికి రక్తస్రావం, ముందస్తు కాన్పు ముప్పు ఉంటుంది. తనిఖీకి వెళ్తే దెబ్బలు బయటపడతాయని ఆమెను ఇంట్లోనే ఉంచేస్తారు. అందుకే తనిఖీలో కొద్దిసేపైనా ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి. మహిళా హెల్ప్‌లైన్ 181, బాధిత స్త్రీలకు అండగా నిలిచే సఖి కేంద్రాలు ఉన్నది ఇందుకే.

మనసుకు తగిలే దెబ్బ లెక్కల్లోకి ఇంకా తక్కువగా వస్తోంది. 38 భారతీయ అధ్యయనాలను కలిపి 2017లో చేసిన విశ్లేషణలో, కాన్పు తర్వాత కుంగుబాటుకు లోనైన తల్లులు 22 శాతం అని తేలింది. పేదరికం, భర్తతో గొడవలు, ఆడపిల్ల పుట్టిందన్న సూటిపోటి మాటలు ముప్పును పెంచుతాయి. బిడ్డ మీద మనసు పోకపోవడం, నిద్ర పట్టకపోవడం, చనిపోవాలనిపించడం జబ్బు లక్షణాలు, గారాబం కాదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే నిపుణులు దొరుకుతారు.

తిండి విషయంలో పాత నమ్మకాలు ఇంకా పోలేదు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని ఆఖరి నెలల్లో అన్నం తగ్గిస్తారు. బాలింతకు పథ్యం పేరిట కూరలు, పప్పు మాన్పిస్తారు. అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు కడుపుతో ఉన్నప్పుడూ మారదు. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, భోజనం పెట్టేది ఆమె పళ్లెంలోకి నేరుగా చేరాలనే.

పని సంగతీ అంతే. 2017 సవరణతో వచ్చిన 26 వారాల జీతంతో కూడిన సెలవు ప్రధానంగా పదిమంది, ఆపైన పనిచేసే సంస్థల ఉద్యోగినులకు దక్కుతుంది. పత్తి ఏరే కూలీకి ఆ సెలవు లేదు. తొలి కాన్పుకు కేంద్ర మాతృవందన పథకం ఇచ్చే 5,000 రూపాయలను 270 రోజులకు పంచితే రోజుకు 19 రూపాయల లోపే. ఆ డబ్బుతో ఏ కూలీ తల్లీ పని మానుకోలేదు.

మన ఆచారంలోనే ఉన్న మరో ముప్పును ఎవరూ ముప్పుగా చూడరు. శ్రీమంతం చేసి తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం మంచి సంప్రదాయం, అమ్మాయికి విశ్రాంతి దొరుకుతుంది. అయితే సరిగ్గా బీపీ పెరిగే నెలల్లోనే ఆమె ఊరు, ఏఎన్ఎం, డాక్టరు మారిపోతారు. తనిఖీల వివరాలు రాసే ఎంసీపీ (తల్లీబిడ్డల సంరక్షణ) కార్డు, స్కానింగ్ కాగితాలు అత్తవారింట్లో ఉండిపోతే కొత్త డాక్టరుకు పాత కథ తెలియదు. పసుపు కుంకుమలతో పాటు ఆ ఫైలునూ ఒడిలో పెట్టి పంపాలి. ఇటుక బట్టీలకు, పట్నం పనులకు వలస వెళ్లే కుటుంబాలకు ఇది మరీ అవసరం.

కోత: 60.7

2019-21 సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్ కాన్పులు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. అవసరమైన చోట సిజేరియన్ రెండు ప్రాణాలు కాపాడుతుంది. అవసరం లేని కోత మాత్రం తర్వాతి గర్భానికి ముప్పును దాచిపెడుతుంది.

మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డుగా ఉన్నవారిలో, అది గర్భసంచి గోడలోకి పాతుకుపోయే అవకాశం తొలి సిజేరియన్ నాటికి 3 శాతం. అంతకుముందు ఒక సిజేరియన్ అయి ఉంటే 11 శాతం, రెండు అయి ఉంటే 40 శాతం. అప్పుడు రక్తస్రావాన్ని ఆపడానికి గర్భసంచినే తీసేయాల్సి రావచ్చు. ముహూర్తం చూసి ముందే కోయించుకోవడం బిడ్డకూ మంచిది కాదు. ముందే తేదీ పెట్టుకుని చేసిన మలివిడత సిజేరియన్లపై అమెరికాలో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, 39 వారాలకు పుట్టిన బిడ్డల్లో 8 శాతానికి శ్వాస తదితర ఇబ్బందులు వస్తే, 37 వారాలకే తీసినవారిలో 15.3 శాతానికి వచ్చాయి. నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చి సహజ కాన్పులకు తోడుంచే పనిని తెలంగాణ 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టింది. ప్రతి పెద్ద కాన్పుల ఆసుపత్రిలోనూ అలాంటివారు ఉండాలి.

దూరం: మూడు జాప్యాలు

తల్లుల మరణాల వెనక మూడు జాప్యాలుంటాయని 1994లో థాడియస్, మైన్ అనే పరిశోధకులు చెప్పారు: ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించడంలో, చేరుకోవడంలో, చేరాక వైద్యం అందడంలో. మన్యంలో రెండోది ఇప్పటికీ పెద్దది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద నుంచి గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న వార్తలు ఆగలేదు. నెలలు నిండేలోపే రోడ్డున్న చోటికి తెచ్చి ఉంచడం దీనికి మంచి మార్గం. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం నడిపిన వసతి గృహం అలాంటిదే. గిరిజన ప్రాంతాల్లో కొడవలి కణ రక్తహీనత కూడా ఉంది. దంపతులిద్దరూ ఆ లక్షణాన్ని మోస్తుంటే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, కాబట్టి అక్కడ తొలి తనిఖీలోనే ఆ పరీక్ష జరగాలి.

మైదానంలో మొదటి జాప్యమే ఎక్కువ. 'ఆయన రానీ', 'అత్తయ్యను అడుగుదాం', 'తెల్లారనీ' అంటూ గడిచే గంటల్లో బొట్టు బొట్టుగా మొదలైన రక్తస్రావం ప్రాణం మీదికి వస్తుంది. మూడోది మన చేతుల్లో లేకపోయినా ప్రభుత్వం చేతుల్లో ఉంది: ఏరియా ఆసుపత్రిలో రాత్రిపూట మత్తు డాక్టరు ఉన్నారా, కావాల్సిన గ్రూపు రక్తం నిల్వ ఉందా?

అన్నీ ఒకరిలోనే

ఈ అంకెలు విడివిడిగా చూస్తే ఏదీ అంత భయపెట్టదు. కానీ అవి ఒకే స్త్రీ మీద పడతాయి. పదిహేడేళ్లకు పెళ్లయిన అమ్మాయికి రక్తం 8 ఉందనుకుందాం. పిల్ల వయసు బయటపడుతుందని ఐదో నెల దాకా చూపించలేదు. కూలికి వెళ్తోంది, మాత్రలు సరిగా వేసుకోలేదు. ఏడో నెలలో పుట్టింటికి వెళ్లింది, కార్డు వెంట లేదు. ఎనిమిదో నెలలో తలనొప్పిని ఎవరూ పట్టించుకోలేదు. ఆమె 108లో ఆసుపత్రికి చేరుతుంది, ఆసుపత్రి కాన్పుల లెక్కలో చేరుతుంది. కానీ డాక్టరు చేతిలో మిగిలింది కొన్ని గంటలే. రక్తహీనత ఒక్కటే ఉంటే తట్టుకునేది, బీపీ ఒక్కటే ఉంటే మందుతో నిలిచేది. రెండూ కలిసి, పైన ఆలస్యం తోడవడమే ప్రాణాంతకం. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెంపినా ఆమె బతికే అవకాశం పెరుగుతుంది, అందుకే ఏ చిన్న జాగ్రత్తా వృథా కాదు.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ కార్యక్రమం కింద గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. కార్డు మీద ఆకుపచ్చ స్టిక్కరు ఉంటే ముప్పు లేదు, ఎరుపు ఉంటే ముప్పు ఎక్కువ, నీలం ఉంటే బీపీ, పసుపు ఉంటే షుగర్, థైరాయిడ్ వంటి జబ్బులు. చదువు రాని ఇంటికీ అర్థమయ్యే భాష అది.

ఇంట్లో అందరికీ తెలిసి ఉండాల్సినవి

- మూడో నెల లోపు తొలి తనిఖీ, మొత్తం కనీసం నాలుగు. ప్రతిసారీ బరువు, బీపీ, రక్తం, మూత్రం చూశారా అని అడగాలి.
- ఆమె హిమోగ్లోబిన్, బీపీ అంకెలు భర్తకు, అత్తగారికి నోటికి వచ్చి ఉండాలి.
- రక్తస్రావం, ఫిట్స్, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, జ్వరం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా ఎవరినీ అడగకుండా 108కి ఫోన్ చేయాలి.
- ఏ ఆసుపత్రి, ఏ బండి, ఎవరు తోడు, రక్తం ఎవరిస్తారు అన్నది ఎనిమిదో నెలలోనే తేల్చుకోవాలి.
- కాన్పు తర్వాత రెండేళ్లు నిండేదాకా మరో గర్భం రాకుండా చూసుకోవాలి.

ప్రభుత్వాలు చేయాల్సింది ఒకటుంది. ఆసుపత్రి కాన్పుల శాతాన్ని ఇన్నాళ్లూ గర్వంగా ప్రకటించాం, ఆ గర్వానికి అర్హత ఉంది. ఇకపై ప్రతి మండలంలో కాన్పుకు వచ్చిన రోజున ఎందరి హిమోగ్లోబిన్ 11 పైన ఉంది, ఎందరికి తొలి తనిఖీ మూడో నెల లోపు జరిగింది, ఎందరు 18 నిండనివారు అన్న మూడు అంకెలను కూడా ప్రకటించాలి. గ్రామసభలో ఆ అంకెలు చదివితే సర్పంచ్, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్, ఇంటి పెద్దలు అందరూ ఎక్కడ తప్పుతున్నామో తెలుసుకుంటారు. తల్లి చనిపోయాక జరిపే విచారణలో అడిగే ప్రశ్నలు ఇవే. ఆమె బతికి ఉండగా, ఐదో నెలలోనే అడిగితే జవాబు మార్చుకునే వ్యవధి మనకుంటుంది.